వందేళ్ళు దాటిన కుందేలు మీద మా నాన్నగారు

పిట్స్‌బర్గ్ వెళ్ళివచ్చి మూడు వారాలు దాటింది. మేము దిగిన మోటెల్ వాళ్ళు నొక్కేసిన 44 డాలర్ల మీద నా కోపం ఇంకా చల్లారలేదు, జాక్ రాబిట్ అనే చెక్క రోలర్ కోస్టర్ మీద మా నాన్నగారి ముచ్చట ఇంకా తీరలేదు. ఈ రెండింటిలో ఏది ముందు రాయాలో తేల్చుకోలేక జరిగిన వరుసలోనే రాస్తున్నాను. న్యూజెర్సీ, మేరీల్యాండ్ వైపుల నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి ఏటా వెళ్ళే మనవాళ్ళు చాలామందే ఉంటారు కనుక, ఆ గుడికి అరగంట దూరంలో ఉన్న కెన్నీవుడ్ పార్కును ఎలా చూడాలో, బస విషయంలో ఏ పొరపాటు చేయకూడదో తెలిస్తే వాళ్ళకు పనికొస్తుంది.

నేను, మావారు, పన్నెండేళ్ళ మా అమ్మాయి, వేసవికి రాజమండ్రి నుంచి వచ్చిన మా నాన్నగారు కలిసి ఒక శుక్రవారం మధ్యాహ్నం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బయలుదేరి, రాత్రి తొమ్మిది దాటాక చేరాం. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద కొండలను తొలుచుకుని వెళ్ళే సొరంగాలు నాన్నగారికి నచ్చాయి. దారి గురించి అంతకు మించి చెప్పేదేమీ లేదు.

నాన్నగారి గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఆయన దక్షిణ మధ్య రైల్వేలో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదకొండేళ్ళ కిందట పదవీ విరమణ చేశారు. పట్టాలు, వాటి కింద అడ్డంగా వేసే స్లీపర్లు, వాటి బోల్టులు, ఆ బోల్టులను రోజూ నడిచి చూసే కీమన్‌లు, ఇదే ఆయన ఉద్యోగ జీవితం. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన పాత గోదావరి వంతెన, అంటే హేవలాక్ వంతెన మీద, దాని చివరి ఏళ్ళలో ఆయన కూడా తనిఖీలకు నడిచారు. అందువల్ల ఈ యాత్రలో ఏ వస్తువు ఎదురైనా ఆయన కన్ను ముందు దాని మరల మీదే పడింది.

మోటెల్ గది బుక్ చేసింది మావారు. రాత్రికి 89 డాలర్ల చొప్పున రెండు రాత్రులకు 178, పన్నులు 24.92, మొత్తం 202.92 డాలర్లు ముందుగానే కట్టేశారు. రెండు పెద్ద మంచాలు, విప్పితే మంచమయ్యే సోఫా, ఈత కొలను, ఉదయం ఉచిత ఫలహారం, పార్కుకు పది నిమిషాల దూరం అని ప్రకటనలో రాశారు. వీటిలో నిజమైనవి మంచాలు మాత్రమే. పది నిమిషాల దూరమన్నది అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద నిజమేమో కాని, మాకు పాతిక నిమిషాలు పట్టింది. కొలను మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది, దాని మీద నిలిచిన వాన నీళ్ళలో ఆకులు కుళ్ళుతున్నాయి. సోఫాను విప్పబోతే సగంలో ఇరుక్కుపోయి, ఆ తరువాత మూసుకోవడానికి కూడా మొరాయించింది. చివరికి మావారు దుప్పటి పరుచుకుని నేల మీద పడుకోవలసి వచ్చింది. “అల్లుడుగారు కింద పడుకోవడమేమిటమ్మా, నా మంచం మీద బోలెడు చోటుంది” అని నాన్నగారు, “ఫరవాలేదు మావయ్యగారూ, నా నడుం నొప్పికి ఇదే మంచిది” అని మావారు చాలాసేపు మర్యాదలు జరుపుకున్నారు. బుక్ చేసింది తనే కాబట్టి ఆయన మాకెవరికీ ముఖం చూపించలేకపోయారు.

ఇంతవరకు సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది పైకప్పుకు బిగించిన పొగ అలారం. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు ఆ అలారం ఉండి ఉండి కీచుమంటుంది. దీపం ఆర్పాక గాని దాని సంగతి మాకు తెలియలేదు. నాన్నగారు చీకట్లో చేతి గడియారం ముఖానికి దగ్గరగా పెట్టుకుని లెక్కకట్టి, నలభై సెకన్లకు ఒకసారి అని తేల్చారు. పదకొండున్నరకు నేను కింద కౌంటరు దగ్గరకు వెళ్ళి చెబితే, అక్కడున్న కుర్రవాడు మరమ్మతులు చేసే మనిషి సోమవారం వస్తాడని, వేరే గది ఖాళీ లేదని, చెవుల మీద దిండు పెట్టుకుంటే వినపడదని సలహా ఇచ్చాడు. బయట కార్లు నిలిపే చోటు సగానికి పైగా ఖాళీగా ఉంది. మావారు కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేస్తానంటే నాన్నగారు ససేమిరా ఒప్పుకోలేదు. మనుషుల ప్రాణాల కోసం పెట్టిన వస్తువును మన నిద్ర కోసం తీయకూడదన్నారు. తెల్లవారేదాకా అది అరుస్తూనే ఉంది, మేము వింటూనే ఉన్నాం. ఉదయం ఆయన తలుపు దగ్గర నిలబడి గొలుసు గడియను పరీక్షించి, నాలుగు మరలుండవలసిన చోట రెండే ఉన్నాయని చూపించారు. ఆ రెండూ వదులుగా ఉంటే పావు డాలరు నాణెం అంచుతో బిగించారు. కింద ఫలహారం పేరిట ఒక గిన్నెలో మూడు ఆపిల్ పండ్లు, ఒక ఖాళీ సీరియల్ డబ్బా, కాఫీ యంత్రం పనిచేయడం లేదని రాసి అతికించిన కాగితం ఉన్నాయి. కాఫీ యంత్రం నిన్నో మొన్నో పాడైందనుకోవడానికి వీల్లేదు, ఆ కాగితం మీద సిరా అప్పటికే వెలిసిపోయింది.

ఈ మనఃస్థితిలో మేము శనివారం ఉదయం కెన్నీవుడ్‌కు బయలుదేరాం. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల రోడ్ల మీద పసుపు రంగు బాణం ఆకారంలో పార్కు బోర్డులు కనిపిస్తూ ఉంటాయి, వాటి వెంట పోతే ఫోన్‌లో దారి చూసుకోనక్కర్లేదు. ఈ పార్కు ఆ ఊరివాళ్ళ మాటల్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే, ఎవరి ప్యాంటు జిప్పైనా తెరుచుకుని ఉంటే “కెన్నీవుడ్ తెరిచే ఉంది” అని చాటుగా హెచ్చరిస్తారట. ఈ సంగతి మావారికి ఒక సహోద్యోగి ముందే చెప్పాడు. రాత్రి నిద్ర లేకపోయినా కారులో ఆయన నవ్విన మొదటి నవ్వు దీనికే.

కార్లు ఆపే స్థలం రోడ్డుకు ఒక పక్కన, పార్కు మరో పక్కన ఉన్నాయి. రోడ్డు కిందనున్న చిన్న సొరంగంలోంచి నడిచి పార్కులోకి వెళ్ళాలి. ఇది 1898లో ట్రాలీ పార్కుగా మొదలైంది. ఆ రోజుల్లో విద్యుత్తుతో నడిచే ట్రామ్ బండ్లకు వారమంతా ఆఫీసులకు, కర్మాగారాలకు వెళ్ళేవాళ్ళు ఉండేవారు గాని, ఆదివారాలు ఖాళీగా తిరగవలసి వచ్చేది. అందుకని ట్రామ్ కంపెనీలు దారి చివర ఏదో ఒక తోట కట్టి, జనాన్ని సెలవు రోజున కూడా బండి ఎక్కించేవి. మొనొంగహీలా స్ట్రీట్ రైల్వే కంపెనీ అలాగే కెన్నీ అనే కుటుంబం పొలాన్ని తీసుకుని ఈ పార్కు పెట్టింది. అమెరికాలో అలాంటివి వందల్లో పుట్టి, కార్లు వచ్చాక చాలావరకు మూతపడ్డాయి, ఇది మాత్రం మిగిలింది. 1987లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ట్రామ్ కంపెనీ కట్టిన పార్కు అని తెలిసిన తరువాత నాన్నగారికి అది బయటివాళ్ళ స్థలంలా అనిపించలేదు. “మన డిపార్టుమెంటు వాళ్ళదేనన్నమాట” అన్నారు.

పార్కు ఉన్నది మొనొంగహీలా నది ఒడ్డున ఎత్తైన మిట్ట మీద. ఆ మిట్టను అక్కడక్కడా లోతైన గండ్లు చీల్చుతాయి. చదును చేయడానికి ఖర్చెక్కువని పనికిరానిదిగా వదిలేసే నేలను 1920లో జాన్ మిల్లర్ అనే ఇంజనీరు ఒక రోలర్ కోస్టర్‌కు వాడుకున్నాడు. దాని పేరు జాక్ రాబిట్, అంటే అడవి కుందేలు. దీని పొడవు 2,132 అడుగులు. గొలుసు బండిని లాగే ఎత్తు 40 అడుగులే కాని, పడేది మాత్రం 70 అడుగులు. ఇదెలా సాధ్యమని మా అమ్మాయి అడిగింది. మిగిలిన 30 అడుగులు ఆ గండి ఇచ్చినవే. మామూలు రోలర్ కోస్టర్‌లో బయలుదేరగానే గొలుసు మీద పైకి వెళతారు. ఇక్కడ ముందే గండిలోకి జారిపోయి, ఆ జోరు సగం తీరాక గాని గొలుసు దగ్గరకు చేరరు.

వరుసలో మేము 25 నిమిషాలు నిలబడ్డాం. శనివారం కాబట్టి అది తక్కువే. ఆ 25 నిమిషాల్లో నాన్నగారు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఎందుకంటే కటకటాల అవతల ఆయనకు చూడవలసింది చాలా ఉంది. ఇక్కడ మన రైలు పట్టా లాంటి ఉక్కు పట్టా ఉండదు. పలకల మీద పలకలు పేర్చి బిగించిన చెక్క వరస మీద, బల్లపరుపుగా ఉండే ఇనుప పట్టీ ఒకటి బిగించి ఉంటుంది, చక్రం దొర్లేది దాని మీదే. గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, తప్పకుండా ఉండేది అడ్డంగా వేసిన దూలాల వల్ల. రంగు వేసిన పాత కలప మధ్యలో అక్కడక్కడా రంగు పడని లేత చెక్క ముక్కలు కనిపించాయి. నాన్నగారు కటకటాల మీద వంగి వాటిని వేలితో చూపిస్తూ, “అమ్మాయ్, ఇది ఈ ఏడు మార్చిన చెక్క. దాని పక్కది పోయినేటిది. చూడు, బోల్టు తల ఇంకా నల్లబడలేదు” అని చెప్పుకుపోయారు. చెక్క కోస్టర్లన్నీ అంతేనట, శీతకాలంలో పార్కు మూసి ఉన్నప్పుడు వడ్రంగులు పాడైన చోటల్లా కొత్త చెక్క వేస్తూ పోతారు. కొన్ని దశాబ్దాలకు మొదట వేసిన కలపలో ఎంత మిగులుతుందో ఎవరూ చెప్పలేరు.

ఎక్కే చోటికి చేరాక ఆయన అక్కడ పనిచేసే కాలేజీ కుర్రవాణ్ణి తన రైల్వే ఇంగ్లీషులో, “వేర్ ఈజ్ యువర్ కీమన్?” అని అడిగారు. ఆ కుర్రవాడు తాళాల సంగతి అనుకుని తెల్లబోయాడు. మా అమ్మాయి మధ్యలో దూరి అర్థం చెప్పాక అతని ముఖం విప్పారింది. పార్కు తెరవక ముందు ప్రతి ఉదయం పట్టా మొదటి నుంచి చివరి దాకా నడిచి చూస్తారని, ఆ తరువాత ఖాళీ బండిని తిప్పి చూశాకే మనుషులను ఎక్కనిస్తారని చెప్పాడు. నాన్నగారు తలాడించి, చొక్కా గుండీ పెట్టుకుని, బండి ఎక్కడానికి సిద్ధమయ్యారు. అప్పటిదాకా ఆయన చూడటానికే వచ్చానని, డెబ్బై ఒకటో ఏట ఇవన్నీ తనకెందుకని అంటూ వచ్చారు. ఆయనకు రక్తపోటు మాత్రలు తప్ప మరే జబ్బూ లేదు, వైద్యుణ్ణి అడిగే తీసుకువచ్చాం. గుండె జబ్బు, మెడ నొప్పి, నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్ళను మాత్రం ముచ్చటపడి ఎక్కించకండి, చెక్క బండి కుదుపు ఉక్కు బండి కుదుపులా ఉండదు.

ఆఖరి వరుసలో కూర్చోవాలని నేను పట్టుపట్టాను, మీరూ అలాగే పట్టుపట్టండి. బండి కదిలి మలుపు తిరిగి చీకటి సొరంగంలోకి దూరింది. బయటకు రాగానే గండిలోకి జారింది. చెట్ల కొమ్మలు చేతికి అందేంత దగ్గరగా ఉన్నట్టనిపిస్తుంది, కింద కలప కిర్రుమంటుంది, బండి మొత్తం పాత ఎడ్లబండిలా ఒళ్ళు విరుచుకుంటుంది. ఆ తరువాత గొలుసు పట్టుకుంది. టక టక టకమని వినిపించే చప్పుడు, గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పన్ను పన్నుకూ పడే ఇనుప నాలుకది. ఈ ఏర్పాటుకు కూడా మిల్లర్ 1910లోనే పేటెంట్ తీసుకున్నాడు. పైన నెమ్మదిగా మలుపు తిరిగింది. నాన్నగారు పక్కకు వంగి కింద దూలాలు చూస్తున్నారు. “స్లీపరు స్పేసింగు బాగుంది” అనబోయారు, ‘స్పేసిం’ దగ్గర బండి పడింది.

ఆ పడటం ఒకే ఊపున ఉండదు. సగం దూరం జారాక పట్టా ఒక్క క్షణం చదునుగా అవుతుంది, అయిపోయిందనుకుని ఒళ్ళు వదులు చేసేలోగా రెండో పల్లం వస్తుంది. బండి కిందికి వెళ్ళిపోతుంది, మనం ఇంకా పైనే ఉంటాం. సీటుకూ మనకూ మధ్య గాలి చేరిన ఆ అర క్షణంలో ఒడిలో బిగించిన పట్టీ ఒక్కటే మనల్ని పట్టుకుని ఉంటుంది. ఇదే జాక్ రాబిట్ ప్రసిద్ధికెక్కిన జంట పల్లం. వేగం గంటకు 45 మైళ్ళే. మన హైవే మీద ఆ వేగంతో పోతే వెనకవాళ్ళు హారను కొడతారు. అయినా నా జీవితంలో అంత గట్టిగా అరిచిన గుర్తు లేదు. ఆ క్షణంలో బండి ఎగిరిపోకుండా ఉండటానికి కారణం పట్టాకు అడుగున నక్కి ఉండే మరో వరస చక్రాలు. వాటికి కూడా 1919లో పేటెంట్ పొందినవాడు మిల్లరే. ఆ చక్రాలను మొదట్లోనే వాడుకున్న కోస్టర్లలో ఇదొకటి. అంతకుముందు కోస్టర్ల బండ్లు తమ బరువుతోనే పట్టాను అంటిపెట్టుకుని ఉండాలి కాబట్టి, పల్లాలన్నీ మెత్తగా ఉండేవి. పెన్సిల్వేనియాలోనే ఆల్టూనాలో 1902లో కట్టిన లీప్ ది డిప్స్ అనే కోస్టర్ ఆ పాత రకానిది, దాని పెద్ద పల్లమే 9 అడుగులు. పద్దెనిమిదేళ్ళలో 9 అడుగుల నుంచి 70 అడుగులకు వచ్చారంటే, ఆ ధైర్యమంతా అడుగు చక్రాలదే.

దిగాక నాన్నగారు రెండు నిమిషాలు మాట్లాడలేదు. ముఖం ఎర్రబడింది, ఉన్న నాలుగు వెంట్రుకలు నిటారుగా లేచి నిలబడ్డాయి. నేను భయపడి నీళ్ళ సీసా అందించాను. ఆయన తాగకుండా చొక్కా జేబు తడుముకుని, “పెన్ను పోయింది” అన్నారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి జేబులో పెన్ను లేకుండా ఆయనను నేను చూడలేదు. తప్పు మాదే, ఎక్కేముందు జేబులు ఖాళీ చేయమని అక్కడివాళ్ళు స్పష్టంగా చెప్పారు. కళ్ళజోడు తీసి నాకిచ్చిన ఆయనకు పెన్ను అసలు గుర్తే రాలేదు. ఎవరి నెత్తినా పడనందుకు సంతోషించాం. ఆ తరువాత ఆయన అన్న రెండో మాట, “మళ్ళీ వెళదామా?”

సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. ఎక్కడా చెప్పని ఒక చిట్కా చెబుతాను. ఈ చెక్క బండ్లు పొద్దున్న బద్ధకంగా నడుస్తాయి, ఎండకు కందెన కరిగి చక్రాలు వేడెక్కాక సాయంత్రానికి జోరందుకుంటాయి. అందుచేత ఉదయం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి ఎక్కితే రెండు వేరు వేరు బండ్లు ఎక్కినట్టే ఉంటుంది. రెండోసారి జంట పల్లం దగ్గర మా నాన్నగారు రెండు చేతులూ పైకెత్తారు.

పార్కులో మిల్లర్ చేతిపని మరో రెండు చోట్ల ఉంది. 1927 నాటి రేసర్‌లో రెండు బండ్లు పక్కపక్కన పరిగెడతాయి. చూడటానికి రెండు పట్టాలు, నిజానికి ఒకటే పట్టా రెండు చుట్లు తిరుగుతుంది, కాబట్టి ఎడమ వైపు ఎక్కినవాళ్ళు కుడి వైపు దిగుతారు. ఇలాంటిది ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో కూడా ఒకటి ఉంది. మా అమ్మాయి ఒక కాగితపు పట్టీని మెలిపెట్టి అతికించి, ఇది తమ లెక్కల మేడమ్ చూపించిన మోబియస్ పట్టీయేనని తాతయ్యకు వివరించింది. ఈ బండి మెత్తగా నడుస్తుంది, చెక్క కోస్టర్ అంటే భయపడేవాళ్ళు దీనితో మొదలుపెట్టాలి. థండర్‌బోల్ట్ మాత్రం వేరే జాతి. 1924లో పిప్పిన్ అనే పేరుతో మిల్లర్ కట్టిన కోస్టర్‌ను 1968లో మార్చి, పెంచి ఈ పేరు పెట్టారు. ఇది కూడా స్టేషను దాటగానే నేరుగా గండిలోకి దూకుతుంది, గొలుసు మధ్యలో గాని రాదు, పెద్ద పల్లం 95 అడుగులు. ఒంటరిగా ఎక్కనివ్వరు, జంటగానే కూర్చోవాలి. వంపుల్లో పక్కవాళ్ళ బరువంతా మన మీదికే వస్తుంది. నేల మీద పడుకుని లేచిన మావారి నడుము దీని తరువాత ఆ రోజుకు సెలవు తీసుకుంది. అయితే ఒకటి చెప్పాలి, ఆ పక్క నుంచి నది అవతల బ్రాడక్‌లో కార్నెగీ 1875లో మొదలుపెట్టిన ఎడ్గర్ థామ్సన్ ఉక్కు కర్మాగారం ఇప్పటికీ పొగలు చిమ్ముతూ కనిపిస్తుంది. ఆదివారాలు ట్రామ్ ఎక్కి ఇక్కడికి వచ్చిన జనం ఎవరో ఆ చిమ్నీలను చూస్తే తెలుస్తుంది.

మా అమ్మాయికి ఇవేవీ పట్టలేదు. ఆమె మనసంతా గంటకు 85 మైళ్ళతో పోయే ఫాంటమ్స్ రివెంజ్ అనే ఉక్కు కోస్టర్ మీద ఉంది, దాన్ని మూడుసార్లు ఎక్కింది. ఇంటికి వచ్చాక కూడా స్నేహితులకు దాని గురించే చెబుతోంది.

తిండి విషయానికి వస్తే, మేము ఉదయం ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీలు, మాగాయ కారులోనే తిని వెళ్ళాం. లోపల పొటాటో ప్యాచ్ అనే దుకాణం ముందు వరుస ఎప్పుడూ ఉంటుంది. తొక్కతోనే లావుగా తరిగిన బంగాళాదుంపలను వేయించి, కాగితపు దొన్నెలో పోసి, పైన చీజు వేసి ఇస్తారు. శాకాహారులు బేకన్ ముక్కలు, గ్రేవీ వద్దని ముందే చెప్పాలి. నాన్నగారు మొదట “ఇంత ఖరీదు పెట్టి దుంపలా” అని గొణిగి, దొన్నె అడుగున అంటుకున్న చీజును కూడా వదలలేదు. రెండు దొన్నెలు, నాలుగు పానీయాలు కలిపి మాకు 43 డాలర్లయ్యాయి. ప్రవేశానికి నలుగురికీ 220 డాలర్లు దాటింది. ధర రోజును బట్టి మారుతుంది కాబట్టి ముందుగా ఆన్‌లైన్‌లో చూసి, వీలైతే వారం మధ్యలో వెళ్ళడం మేలు.

ఆ రాత్రి అలారం అలాగే కీచుమంటోంది. నాన్నగారు ప్రతి రాత్రీ ఆనాటి ఖర్చులు, విశేషాలు డైరీలో రాసుకుంటారు. సొంత పెన్ను గండిపాలైంది కనుక, బల్ల మీద మోటెల్ వాళ్ళు పెట్టిన పెన్ను తీసుకున్నారు. అది రాయలేదు. కాగితం చిరిగేదాకా సున్నాలు చుట్టి, దాన్ని యథాస్థానంలో పెట్టి, మా అమ్మాయి రంగు పెన్సిలు అడిగి తీసుకున్నారు. ఆ రోజు డైరీ పేజీ ఊదా రంగులో ఉంది. అందులో జంట పల్లానికి ఒక పక్కనుంచి చూసినట్టు గీసిన పటం, దూలాల మధ్య దూరం ఇంత ఉండవచ్చని ఆయన అంచనా ఉన్నాయి. మోటెల్ గురించి ఒకటే వాక్యం రాశారు: “మరలు నాలుగుకు రెండే.”

ఆదివారం హాయిగా గడిచింది. పెన్ హిల్స్‌లోని గుడిలో దర్శనం చేసుకున్నాం. తిరుమల తిరుపతి దేవస్థానాల సహకారంతో 1970ల్లో కట్టిన గుడి ఇది. అక్కడి క్యాంటీన్ పులిహోర, పెరుగన్నం దొరికాక మావారి ముఖంలో మళ్ళీ కళ వచ్చింది. మధ్యాహ్నం డుకేన్ ఇంక్లైన్ ఎక్కి కొండ మీదికి వెళ్ళాం. 1877 నాటి ఈ తాడు బండిలో కూడా చెక్క పెట్టెలే. దాన్ని లాగే యంత్రాన్ని పైన దగ్గర నుంచి చూడనిస్తారు. దాని ముందు నాన్నగారు గడిపిన సమయంలో మేము ముగ్గురం కాఫీ తాగి వచ్చాం.

ఇక లెక్క. మోటెల్‌లో దిగేటప్పుడు కార్డు మీద 150 డాలర్ల డిపాజిట్ పట్టుకున్నారు. ఖాళీ చేసిన పదకొండు రోజులకు తిరిగి వచ్చింది 66. సౌకర్యాల రుసుము అని రాత్రికి 12 చొప్పున 24, నలుగురికనే బుక్ చేసినా అదనపు మనిషి పేరిట రాత్రికి 10 చొప్పున 20, తువ్వాలుకు మరక చేశామని 40, మొత్తం 84 డాలర్లు కోసేశారు. ఆ సౌకర్యాలు ఏవని ఫోన్ చేసి అడిగితే, ఈత కొలను అన్నారు. తువ్వాలు మరక విషయంలో మాత్రం వాళ్ళ ఎత్తు పారలేదు. గదిలో అడుగుపెట్టగానే మా అమ్మాయి ఎంత చెత్తగా ఉందో స్నేహితులకు చూపించడానికి వీడియో తీసింది. అందులో స్నానాల గదిలో మడతపెట్టి ఉన్న తువ్వాలు మీద ఆ గోధుమ రంగు మరక మేము సూట్‌కేసు విప్పక ముందే కనిపిస్తోంది. దాన్ని కార్డు కంపెనీకి పంపితే ఆ 40 డాలర్లు మా ఖాతాలో వేశారు. ఇకపై ఏ గదిలో దిగినా, సామాను లోపల పెట్టకముందే ఫోన్‌తో నాలుగు మూలలూ తీసి పెట్టుకోండి. డిపాజిట్ ఎంతో, రోజువారీ అదనపు రుసుములు ఏవో బుక్ చేసే ముందే ఫోన్ చేసి అడగండి. రాత్రికి ముప్పై నలభై డాలర్లు ఎక్కువైనా అందరికీ తెలిసిన హోటల్‌లో దిగితే మాకు చివరికి మేలే అయ్యేది.

మిగిలిన 44 డాలర్ల కోసం మావారు రెండో ఉత్తరం రాశారు, ఇంకా జవాబు రాలేదు. నాన్నగారు వచ్చే నెల రాజమండ్రి వెళ్ళిపోతున్నారు. నిన్న ఆయన ఫోన్‌లో తన పాత మేటుతో, అంటే పట్టాల పనివాళ్ళ పెద్దతో, మాట్లాడుతుంటే విన్నాను. “పట్టా అడుగున కూడా చక్రాలేనయ్యా, పైన ఉన్నవి పైన ఉంటాయి, కింద మరో జత” అని చెబుతూ, అవతలి మనిషికి కనపడదని మరిచిపోయి, రెండు అరచేతుల మధ్య డైరీని బిగించి పట్టుకుని చూపిస్తున్నారు.